చెరువు మ్యాపుకు లోకల్ డిస్కు: హనుమకొండ నుంచి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదట్లో

పరకాల వైపు ఒక ఊరి చెరువుకు నీళ్ల లెక్క కట్టే పని మా చేతికి వచ్చింది. మత్తడి (నిండాక నీళ్లు పొర్లిపోయే గోడ) ఎత్తు దాకా నిండితే శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, ఎన్ని నీళ్లు పడతాయి, పూడిక ఎక్కడెక్కడ పేరుకుంది, ఏ వైపు తవ్వితే ఆయకట్టుకు లాభం, ఇదీ ఊరివాళ్లకు కావలసింది. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పటి నుంచి మా దిక్కు పూడిక మట్టి ట్రాక్టర్లకెక్కి పొలాలకు చేరడం అందరం చూసిందే. తవ్వేముందు అడుగు ఎట్లుందో కొలిచి చూసుకుంటే ఆ శ్రమ సరైన చోట పడుతుంది.

ఈ పనికి ఎండాకాలం ఒక్కటే అదును. నీళ్లుంటే డ్రోన్ ఫొటోలో నీటి పైభాగం పడుతుందే తప్ప చెరువు అడుగు దొరకదు. కట్ట మీద, తూము దగ్గర, మత్తడి పక్కన సున్నంతో పెద్ద పెద్ద గుర్తులు గీసి, వాటి ఎత్తులు విడిగా కొలుచుకొని, ఆ తర్వాత డ్రోన్ ఎగరేశాం. రెండు వేల పైచిలుకు ఫొటోలు, 20 జీబీకి కొంచెం తక్కువ. హనుమకొండలో మా ఆఫీసు కనెక్షన్ అప్‌లోడ్ వేగం 50 ఎంబీపీఎస్. ఆ లెక్కన గంటలోపే ముంబైలో అమెజాన్ క్లౌడ్ నిల్వ అయిన ఎస్3లోని మా బకెట్‌కు ఎక్కేశాయి.

ఈ డైరీ ఫొటోలు అక్కడికి చేరిన తర్వాతి కథ. ఫొటోల నుంచి మ్యాపు తీసేది ఓపెన్‌డ్రోన్‌మ్యాప్. దానికి మెమరీ ఎంత కావాలో అందరూ చెప్తారు. డిస్కు సంగతి ఎవరూ ఎత్తరు. ఒక్కో ఫొటోలో గుర్తుపట్టిన బిందువులు, ఫొటోకూ ఫొటోకూ మధ్య జతలు, వంపు సరిచేసిన కాపీలు, లోతు పటాలు, నేల ఆకారాన్ని బిందువుల గుంపుగా చూపే పాయింట్ క్లౌడ్, ఇట్లా దశ దశకూ ఫైళ్లు పుడుతూనే ఉంటాయి. చిన్న సెట్‌తో నడిపి చూసి అంచనా వేస్తే, ఈ చెరువుకు మధ్యలో పుట్టేదే 200 జీబీ దాటేట్టుంది. చివరికి మనకు కావలసింది అందులో చిన్న పాలు. మిగతాదంతా పని అయ్యేదాకా ఉంటే చాలు, కానీ ఉన్నంతసేపూ వేగంగా చదవాలి, వేగంగా రాయాలి.

మెషీన్ ఎంపిక

ఈబీఎస్ అంటే అమెజాన్‌లో నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు తగిలించే డిస్కు. అందులో జీపీ3 రకానికి మామూలుగా వచ్చేది 3,000 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనుల లెక్క), సెకనుకు 125 ఎంబీ. 200 జీబీని ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా చదవడానికే దాదాపు 27 నిమిషాలు. మన పని ఒక్కసారి చదివి ఊరుకునేది కాదు. డబ్బు పెడితే ఆ వేగం పెంచుకోవచ్చు, నిజమే. కానీ ఈబీఎస్‌కు సర్వర్ ఆపేసినా స్థలం అద్దె నడుస్తూనే ఉంటుంది. వారం తర్వాత పారేసే ఫైళ్ల కోసం అద్దె కట్టడం నాకు నచ్చలేదు.

అందుకే ఇన్‌స్టెన్స్ స్టోర్ వైపు వచ్చాను. సర్వర్ ఏ భౌతిక యంత్రం మీద నడుస్తుందో ఆ యంత్రానికే బిగించి ఉన్న ఎన్‌వీఎంఈ డిస్కు, అంటే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ, ఇది. మధ్యలో నెట్‌వర్క్ లేదు. విడిగా బిల్లు లేదు, సర్వర్ ధరలోనే కలిసి వస్తుంది. ఏ రకం సర్వర్‌కు ఉంటుందో పేరు చూసి చెప్పొచ్చు. ఆర్5కు ఉండదు, చివర డీ ఉన్న ఆర్5డీకి ఉంటుంది. ఐ3, ఐ4ఐ లాంటివి పేరులో డీ లేకున్నా ఈ డిస్కుల కోసమే పుట్టిన రకాలు.

నేను తీసుకున్నది ఆర్5డీ.4ఎక్స్‌లార్జ్. 16 వర్చువల్ సీపీయూలు, 128 జీబీ మెమరీ, 300 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కులు రెండు.

ఇక్కడ ముందే తేల్చుకోవలసిన మాట ఒకటుంది. ఈబీఎస్ అయితే నడుస్తున్న సర్వర్‌కు ఎప్పుడంటే అప్పుడు తగిలించుకోవచ్చు, విప్పి ఇంకోదానికి తగిలించుకోవచ్చు. ఇన్‌స్టెన్స్ స్టోర్‌కు ఆ వీలు లేదు. సర్వర్ పుట్టేటప్పుడే డిస్కు దానితో వస్తుంది. చాలకపోతే పెద్ద సైజు సర్వర్‌కు మారడమే దారి. కాబట్టి స్థలం లెక్క సర్వర్ పెట్టకముందే వేసుకోవాలి. నేను 200 జీబీ అంచనాకు రెట్టింపు పైన పెట్టుకున్నాను. సగం దారిలో డిస్కు నిండితే అప్పటిదాకా నడిచిన గంటలన్నీ గల్లంతే.

వేరే క్లౌడ్‌లలో

ఈ పనిని రేపు ఇంకోచోటికి మార్చాల్సి వస్తే అని ఒక సాయంత్రం కూర్చుని పోల్చి చూశాను. గూగుల్ క్లౌడ్ లోకల్ ఎస్‌ఎస్‌డీలు చాలావరకు 375 జీబీ ముక్కలుగా వస్తాయి, అవీ సర్వర్ పుట్టేటప్పుడే తగిలించాలి. అజూర్‌లో లినక్స్ సర్వర్ పెడితే తాత్కాలిక డిస్కు చాలాసార్లు ఎంఎన్‌టీ ఫోల్డర్ కింద మౌంట్ అయి (ఆ ఫోల్డర్‌కు తగిలి) ఉంటుంది, అందులో డేటా పోతుందని పేరులోనే హెచ్చరించే ఒక రీడ్‌మీ ఫైలు పెట్టి ఇస్తారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. సొంతంగా క్లౌడ్ పెట్టుకునే ఓపెన్‌స్టాక్‌లో ఫ్లేవర్ అనే సర్వర్ సైజు పట్టీలోనే ఎఫెమెరల్ (తాత్కాలిక) డిస్కు సైజు రాసి ఉంటుంది. అక్కడ మామూలుగా సర్వర్‌ను ఆపినా డిస్కు ఉంటుంది, సర్వర్‌ను తీసేస్తే పోతుంది. అమెజాన్‌లో ఆపినా పోతుంది. తాత్కాలికం అని అన్నిచోట్లా అంటారు గానీ ఏ పనితో పోతుందో చోటుకో తీరు. ఒక దగ్గర అలవాటైన ధైర్యంతో ఇంకో దగ్గర ఆపే బటన్ నొక్కకూడదు.

డిస్కులను గుర్తుపట్టడం

సర్వర్ లేచింది. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడితే మూడు డిస్కులు కనబడ్డాయి. ఒకటి 30జీ, మిగతా రెండూ 279.4జీ. 300 అన్నారు, 20 ఎటు పోయిందని మా డ్రోన్ పైలట్ తమ్ముడు స్క్రీన్ మీద వేలు పెట్టాడు. ఎటూ పోలేదు. అమ్మేవాళ్లు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే 1,024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. 300 జీబీ అంటే 30,000 కోట్ల బైట్లు, దాన్ని ఆ పెద్ద కొలతతో భాగిస్తే వచ్చేది 279.4.

అసలు జాగ్రత్త పేర్ల దగ్గర. ఈ కొత్త తరం సర్వర్లలో ఈబీఎస్ కూడా ఎన్‌వీఎంఈ డిస్కుగానే కనబడుతుంది. ఎన్‌వీఎంఈ0ఎన్1 అంటే సిస్టమ్ ఉండే రూట్ డిస్కు, 1ఎన్1 అంటే లోకల్ డిస్కు అని రాసిపెట్టుకుంటే కుదరదు. రీబూట్ తర్వాత ఆ నంబర్లు అటూ ఇటూ కావచ్చు. స్క్రిప్టులో నంబరు రాసి దాన్ని ఫార్మాట్ చేయమంటే ఎప్పుడో ఒకసారి తప్పుడు డిస్కు మీద చేయి పడుతుంది. అందుకే మోడల్ పేరును బట్టి వెతికించాను. లోకల్ డిస్కు మోడల్ అమెజాన్ ఈసీ2 ఎన్‌వీఎంఈ ఇన్‌స్టెన్స్ స్టోరేజ్ అని ఉంటుంది, ఈబీఎస్‌ది అమెజాన్ ఎలాస్టిక్ బ్లాక్ స్టోర్ అని. మొదటి పేరున్న డిస్కులను తప్ప స్క్రిప్టు దేన్నీ ముట్టదు.

రెండు డిస్కులనూ ఎండీఏడీఎం అనే కమాండ్‌తో రెయిడ్ 0గా, అంటే డేటాను రెండింటి మీదా పంచి రాసే ఒకే పెద్ద డిస్కుగా, కలిపాను. రెండింటిలో ఏ ఒక్కటి చెడినా మొత్తం పోతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. పోతుంది. కానీ సర్వర్ ఆగితే ఎట్లాగూ రెండూ పోయేవే. అద్దం పట్టినట్టు రెండు కాపీలు పెట్టి సగం స్థలం వదులుకుంటే వచ్చే భద్రత ఇక్కడ చాలా తక్కువ. భద్రత ఎస్3లో ఉండాలి, వేగం ఇక్కడ ఉండాలి.

దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ పెట్టాను. ఫార్మాట్ చేసేటప్పుడు డిస్కార్డ్ (ఖాళీ చోటు ఏదో డిస్కుకు చెప్పడం, దీన్నే ట్రిమ్ అంటారు) వద్దని చెప్పే కే ఆప్షన్ ఇవ్వాలి. ఈ డిస్కులు మన చేతికి వచ్చేముందే పూర్తిగా ట్రిమ్ అయి వస్తాయి, మళ్లీ చేయించడం ఉత్త కాలయాపన. పని నడుస్తున్నప్పుడు పెద్ద పెద్ద ఫైళ్లు తీసేశాక మాత్రం ఆ ట్రిమ్ చేసే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ నడిపితే మంచిది.

ఊరివాళ్ల తరఫున మాతో మాట్లాడే మాస్టారు ఇంకో సందేహం పెట్టారు. సర్వే నంబర్లతో సహా ఉన్న పటాలు ఎవరిదో డిస్కు మీద మిగిలిపోతే ఎట్లా అని. న్యాయమైన ప్రశ్న. ఈ ఎన్‌వీఎంఈ డిస్కుల మీద రాసేదంతా హార్డ్‌వేర్‌లోనే ఎక్స్‌టీఎస్ ఏఈఎస్ 256తో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, సర్వర్ ఆపినా తీసేసినా ఆ తాళంచెవిని నాశనం చేస్తారు. తర్వాత ఆ డిస్కు ఎవరికి వెళ్లినా మన పటం చదవలేరు. మనకు డేటా దొరకకుండా చేసేదే బయటివాళ్లకూ దొరకకుండా చేస్తుందని చెప్పాను. ఆయన సరేనన్నారు.

ఆపి చూశాం

అసలు ఫొటోలు ఎక్కించకముందే ఈ పరీక్ష చేయాలని గట్టిగా అనుకున్నాను. డాక్యుమెంట్లో చదవడం వేరు, కళ్లతో చూడటం వేరు. టీమ్‌లో ప్రతి ఒక్కరూ చూడాలి.

డిస్కు మీద చిన్న ఫైలు రాసి రీబూట్ కొట్టాం. ఫైలు ఉంది. తమ్ముడికి ధైర్యం వచ్చింది.

“ఉన్నది గదన్నా! మరి పోతది పోతది అంటవు?”

“రీబూట్‌కు పోదు తమ్మీ. గిప్పుడు స్టాప్ కొట్టి మళ్లీ స్టార్ట్ చెయ్యి.”

చేశాడు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో రెండు 279.4జీ డిస్కులు మళ్లీ కనబడ్డాయి. కానీ రెయిడ్ లేదు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదు, ఫైలు లేదు. సర్వర్ ఇంకో యంత్రం మీదికి వెళ్లి లేచింది, అక్కడి ఖాళీ డిస్కులు తగిలాయి. కొత్తవారు మోసపోయేది ఇక్కడే. డిస్కు కనబడుతుంది, సైజు అదే, పేరు అదే. లోపల ఏమీ ఉండదు.

“అంటే సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు పైసలు మిగులుతయని స్టాప్ కొట్టొద్దు.”

“కొట్టొచ్చు. దాచాల్సింది ఎస్3కు పోయినాంక కొట్టాలె.”

ఆ మాటే తర్వాత మా నియమం అయింది. ఇంకో రెండు సంగతులు కూడా అందరికీ చెప్పాను. సర్వర్ నుంచి ఏఎంఐ (కొత్త సర్వర్లు పుట్టించే అచ్చు) తీస్తే లోకల్ డిస్కులో ఉన్నది అందులోకి రాదు. కింద ఉన్న భౌతిక డిస్కు చెడిపోతే, మనం ఏమీ ఆపకున్నా డేటా పోతుంది.

బూట్ అయిన ప్రతిసారీ

ఎక్కువ సమయం పట్టింది దీనికే, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే.

మామూలు డిస్కయితే బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో దాని యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) రాసి వదిలేస్తాం. ఇక్కడ ఆపి లేపితే ఆ యూయూఐడీ ఉన్న ఫైల్‌సిస్టమే ఉండదు. ఎఫ్‌స్టాబ్‌లో, దొరక్కపోయినా ముందుకు పొమ్మనే నోఫెయిల్ మాట లేకపోతే సర్వర్ దాని కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా అందదు. నోఫెయిల్ పెడితే సర్వర్ లేస్తుంది, డిస్కు మాత్రం మౌంట్ కాదు. రెండూ మనకు చాలవు.

చాలామంది సర్వర్ పుట్టించేటప్పుడు ఇచ్చే యూజర్ డేటా అనే చోట ఫార్మాట్ చేసే స్క్రిప్టు పెడతారు. అది మామూలుగా సర్వర్ పుట్టిన మొదటి బూట్‌కే నడుస్తుంది. ఆపి లేపినప్పుడు నడవదు, సరిగ్గా మనకు కావలసింది అప్పుడే. అందుకే లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కింద సర్వీసుగా రాశాను, ప్రతి బూట్‌కూ నడుస్తుంది. అది చేసేది ఇంతే. స్క్రాచ్ అనే లేబుల్ ఉన్న ఫైల్‌సిస్టమ్ ఉందా చూస్తుంది. ఉంటే అది రీబూట్, ఫార్మాట్ జోలికి పోకుండా మౌంట్ చేస్తుంది. లేకపోతే, లోకల్ డిస్కుల మీద ఏ గుర్తూ లేదని నిర్ధారించుకొని రెయిడ్ కట్టి, ఫార్మాట్ చేసి, మౌంట్ చేస్తుంది. గుర్తు ఏదైనా ఉండి లేబుల్ మాత్రం లేకపోతే అక్కడే ఆగి మనిషి కోసం చూస్తుంది. అనుమానం ఉన్నచోట స్క్రిప్టు తనంతట తాను చెరిపేయకూడదు.

తర్వాతిది డాకర్ వరస. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ మా దగ్గర డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి పెట్టెలో, నడుస్తుంది. లోకల్ డిస్కు మౌంట్ అయ్యే స్క్రాచ్ ఫోల్డర్‌ను దానికి అందిస్తాం. డాకర్ ముందు లేచి డిస్కు తర్వాత మౌంట్ అయిందనుకోండి. కంటైనర్‌కు దొరికేది మౌంట్ కాని ఖాళీ ఫోల్డర్, అంటే 30 జీబీ రూట్ డిస్కు. ఎర్రర్ రాదు, పని మొదలవుతుంది, కాసేపటికి రూట్ నిండి సర్వర్ మొత్తం తడబడుతుంది. దీనికి రెండు అడ్డుకట్టలు వేశాను. మొదటిది, మా సర్వీసు ముగిసేదాకా డాకర్ మొదలు కాకూడదు, అది విఫలమైతే డాకర్ లేవనే కూడదు అని సిస్టమ్‌డీకి చెప్పడం. రెండోది, మౌంట్ చేయకముందు ఆ ఖాళీ ఫోల్డర్‌ను మార్చకుండా తాళం వేసే చాటర్ ప్లస్ ఐ కమాండ్ కొట్టడం. అప్పుడు డిస్కు మౌంట్ కాకపోతే ఆ ఫోల్డర్‌లో రూట్ యూజర్ కూడా ఫైలు పెట్టలేడు. మౌంట్ అయితే పైన కొత్త ఫైల్‌సిస్టమ్ వస్తుంది కాబట్టి ఏ అడ్డూ ఉండదు. ఒక్క కమాండ్. లోకల్ డిస్కు వాడే ప్రతివాళ్లూ ఇది పెట్టుకోవాలని నా గట్టి మాట.

ఏప్రిల్ చివర: ఏది దాచాలి

మొదట అనుకున్నది, ప్రతి దశ అయ్యాక ఫోల్డర్ మొత్తం ఎస్3కు పంపేద్దామని. అదే రీజియన్‌లో ఎస్3కూ సర్వర్‌కూ మధ్య రవాణాకు ఛార్జీ లేదు. కానీ 200 జీబీ పంపడానికి సమయం పడుతుంది, నిల్వకు అద్దె పడుతుంది, ఇక లోకల్ డిస్కు ఎందుకు? కాబట్టి కూర్చుని ఒక్కో ఫోల్డర్‌నూ తరచి చూశాను.

పెద్ద ఫైలు విలువైనదీ కాదు, చిన్నది చిల్లరదీ కాదు. లోతు పటాలు అన్నిటికన్నా పెద్దవి. పోతే కొన్ని గంటల మెషీన్ సమయం పెట్టి మళ్లీ పుట్టించుకోవచ్చు, వాటిని ఎక్కడికీ పంపను. ఫొటోలను జత కలిపి కెమెరా ఎక్కడ నిలబడిందో తేల్చిన ఓపెన్‌ఎస్‌ఎఫ్‌ఎమ్ ఫోల్డర్‌లోని గుర్తుపట్టిన బిందువులు, జతలు, రీకన్‌స్ట్రక్షన్ ఫైలు పైవాటి ముందు చిన్నవి, కానీ వాటి మీదే తర్వాతి దశలన్నీ ఆధారపడతాయి. ఇవి పంపాలి. ఉన్న ఫలితాలను చూసి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ ఆ దశలను దాటేసి ముందుకు పోతుంది కాబట్టి, కొత్త సర్వర్ మీద వీటిని దించుకుంటే పని సగం దారి నుంచే అందుకుంటుంది.

అన్నిటికన్నా ముందు పంపాల్సింది కొద్ది కిలోబైట్ల జీసీపీ (నేల మీద ఎత్తు కొలిచిన గుర్తులు) లిస్టు ఫైలు. కట్ట మీద సున్నపు గుర్తు ఏ ఫొటోలో ఏ పిక్సెల్ దగ్గర పడిందో ఒక్కొక్కటిగా చూసి తమ్ముడు రాసిపెట్టిన ఫైలది. మధ్యాహ్నం ఎండలో తీసిన కొన్ని ఫొటోల్లో తెల్ల సున్నం, ఎండిన మట్టి రంగు ఒకటే అయిపోయి, గుర్తు నడిమధ్య ఎక్కడో దొరకబట్టడానికి ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూడాల్సి వచ్చింది. రిపోర్టులో తేడా ఎక్కువ చూపిన గుర్తులను సర్వర్ మీదే సవరించాడు. మెషీన్ చేసింది పోతే మెషీనే మళ్లీ చేస్తుంది. ఇది పోతే మళ్లీ ఆ పిల్లవాడే కూర్చోవాలి. అందుకే ఈ ఫైలు మారిన మరుక్షణం ఎస్3కు వెళ్లేట్టు పెట్టాను.

చివరి ఫలితాలైన ఆర్థోఫొటో (కొలతకు సరిపోయేట్టు సరిచేసి అతికిన పై నుంచి ఫొటో), నేల ఎత్తు పటం, ఎల్‌ఏజెడ్ అనే కుదించిన ఫైలుగా పాయింట్ క్లౌడ్, రిపోర్టు అన్నీ ఎస్3కు చేరాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే లెక్క) కలుస్తుందో లేదో చూసి, అప్పుడే సర్వర్ తీసేసే అనుమతి. ఈ కలిపి చూసే పనిని మనిషికి వదల్లేదు. కలవకపోతే ఆపే స్క్రిప్టు ముందుకు నడవదు.

స్పాట్ మీద

ఇదంతా కుదిరాక స్పాట్ సర్వర్లకు, అంటే అమెజాన్ మిగులు యంత్రాలను తక్కువ ధరకు ఇచ్చి కావాలంటే వెనక్కి తీసుకునే వాటికి, మారాం, ఖర్చు బాగా తగ్గింది. అమెజాన్ స్పాట్ సర్వర్‌ను వెనక్కి తీసుకునేముందు రెండు నిమిషాల నోటీసు ఇస్తుంది. సర్వర్ తన గురించి తాను తెలుసుకునే మెటాడేటా చిరునామాను కొన్ని సెకన్లకోసారి అడుగుతూ ఉంటే ఆ నోటీసు తెలుస్తుంది. రెండు నిమిషాల్లో వంద జీబీ తరలించడం జరిగే పని కాదు. దశ ముగిసిన ప్రతిచోటా దాచుకుంటూ వచ్చాం కాబట్టి, నోటీసు వచ్చాక చేయాల్సింది లాగ్ ఫైలు పంపడం ఒక్కటే. ఒకసారి రాత్రిపూట వెనక్కి తీసుకున్నారు. పొద్దున కొత్త సర్వర్ లేపితే డిస్కు దానంతటదే సిద్ధమైంది, ఓపెన్‌ఎస్‌ఎఫ్‌ఎమ్ ఫోల్డర్ దిగింది, లోతు పటాల దగ్గర నుంచి పని మళ్లీ నడిచింది.

మే

నేల ఎత్తు పటం వచ్చింది. శిఖంలో సర్కారు తుమ్మ దట్టంగా ఉన్నచోట్ల చెట్ల తలలు నేలగా లెక్కపడకుండా పాయింట్ క్లౌడ్‌లో నేల బిందువులను వేరు చేయాల్సి వచ్చింది. ఆ సెట్టింగులు మార్చి మార్చి నడపడానికి లోకల్ డిస్కు వేగం ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఊళ్లో నీటిని తిప్పే నీరటి పెద్దాయనకు ట్యాబ్‌లో పటం చూపిస్తే, తూముకు ఎడమ పక్క గుంతను వెంటనే గుర్తుపట్టి, ఎండాకాలం చివరిదాకా నీళ్లు అక్కడే ఆగుతాయని చెప్పాడు. పటంలోనూ అన్నిటికన్నా లోతు అక్కడే.

తర్వాతి చెరువు దీనికి కొన్ని రెట్లు పెద్దది. ఒక్క సర్వర్ మెమరీకి పట్టదు. ఫొటోలను గుంపులుగా విడదీసే స్ప్లిట్ ఆప్షన్ వాడి, ఒక్కో గుంపునూ ఒక్కో స్పాట్ సర్వర్‌కు, దాని లోకల్ డిస్కుకు అప్పగించి, చివర కలపాలి. బూట్ సర్వీసు ఉన్నది ఉన్నట్టే పనికొస్తుంది. మార్చాల్సింది దాచే స్క్రిప్టు. ఏ గుంపు ఎంతవరకు వచ్చిందో ఎస్3లో విడివిడిగా రాసుకోవాలి, జీసీపీ లిస్టు మాత్రం అన్ని గుంపులకూ ఒక్కటే ఉండాలి. మొదటి వానలు పడేలోపు డ్రోన్ ఎగరేయాలి కాబట్టి ఈ వారమే ఆ స్క్రిప్టు మీద కూర్చుంటున్నాను.